పెట్టె మూత మీది డాలు ఎవరిది? పాత ఫ్రెంచి పెట్టె సొంతదారుల్ని వెతికే పద్ధతి

మా అమ్మమ్మ ఇంట్లో ఏ గిన్నె తిరగేసినా అడుగున ఒక పేరు, ఒక తారీఖు చెక్కి ఉండేవి. ఎవరి పెళ్ళిలో ఎవరు చదివించారో గిన్నే చెప్పేది. ఉద్యోగానికి ఫ్రాన్స్ వచ్చిన మూడో ఏడు, ఆదివారం పాత సామాన్ల సంతలో ఒక రోజ్‌వుడ్ పెట్టె చేతికి దొరికితే అలవాటుకొద్దీ తిరగేసి చూశాను. అడుగున ఏమీ లేదు. మూత మధ్యలో మాత్రం అగ్గిపెట్టె అంత ఇత్తడి రేకు, దాని మీద పక్కపక్కనే రెండు చిన్న డాళ్ళు (యూరప్‌లో ఒక ఇంటికి ఆనవాలుగా డాలు ఆకారంలో వేసుకునే గుర్తులు), పైన ఒక కిరీటం. అమ్మే ఆయన "మార్కీ గారి పెట్టె" అన్నాడు (మార్కీ అంటే ఫ్రెంచి ప్రభువుల బిరుదుల్లో ఒకటి), ఆ మాటకు ధర కూడా కలిపాడు. ఆ ఇంట్లో మార్కీ అనేవాడు ఎన్నడూ లేడని తెలియడానికి నాకు పదకొండు నెలలు పట్టింది.

మీకు అంత కాలం పట్టకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. యూరప్‌లో ఉంటూ ఇలాంటి సంతల్లో తిరిగే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. చేతిలో పెట్టె లేకపోయినా ఫర్వాలేదు, మ్యూజియం అద్దాల వెనక ఉన్నదాన్ని చదవడానికీ ఇదే పద్ధతి.

ఏ పెట్టె?

ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. మొదటిది నెసెసేర్, అంటే ప్రయాణపు పెట్టె: లోపల మఖమల్ గుంటల్లో అత్తరు సీసాలు, దువ్వెనలు, కత్తెర, సబ్బుడబ్బీ, ఒక్కోసారి కాఫీ సామగ్రితో సహా అంగుళం ఖాళీ లేకుండా సర్ది ఉంటాయి. నెపోలియన్‌కు ఇలాంటివి చేసిచ్చిన బియెన్నే దుకాణం పారిస్‌లో సెంత్ ఒనోరే వీధిలో 'ఊదారంగు కోతి' గుర్తుతో నడిచేది. ఇంకా పాతది చూడాలంటే లూవ్ర్ మ్యూజియంలో రాణి మరీ లెజిన్‌స్కా నెసెసేర్ ఉంది. యువరాజు పుట్టిన సందర్భంగా 1729లో చేసింది, వెండి మీద బంగారు పూత. యువరాజు బిరుదైన 'దోఫాఁ'కు ఫ్రెంచిలో డాల్ఫిన్ అని కూడా అర్థం కాబట్టి దాని నిండా డాల్ఫిన్లే. రెండోది మద్యం సీసాల పెట్టె, మూడోది నగల పెట్టె. సంతలో మీకు దొరికేవి చాలావరకు 19వ శతాబ్దపువి, ముఖ్యంగా మూడో నెపోలియన్ కాలం (1852–1870) నాటివి.

కొనేముందే ఒక మాట. మెరిసే గోధుమ, నలుపు మచ్చల పలక తాబేలు డిప్ప కావచ్చు. తెల్లటి పిడి ఏనుగు దంతం కావచ్చు. ఈ రెండింటికీ అంతర్జాతీయ ఆంక్షలున్నాయి, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. "నూరేళ్ళ నాటిది సార్" అన్నంత మాత్రాన విమానాశ్రయంలో దారివ్వరు. ఇండియాకు తెచ్చే ఆలోచన ఉంటే కొనకముందే కనుక్కోండి. లేదా అలాంటి పలకలు లేనిదే ఎంచుకోండి.

ముందు గుడ్డ పక్కన పెట్టండి

ఇంటికి తేగానే చింతపండుతో ఇత్తడి తోమే సంస్కారం మనది. ఈ రేకు జోలికి ఆ చేత్తో వెళ్ళొద్దు. డాలు మీద వెంట్రుకవాసి గీతలుంటాయి, రంగుల్ని చెప్పేవి అవే. నూటయాభై ఏళ్ళుగా పనివాళ్ళు ప్రతి పండక్కీ తోమి తోమి వాటిని సగం అరగదీసే ఉంటారు. మిగిలిన సగం మీ పుణ్యాన పోకూడదు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు.

తర్వాత గది చీకటి చేయండి. ఫోన్ టార్చిని రేకుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుని, నాలుగు దిక్కుల నుంచీ ఒక్కో ఫొటో తీయండి. ఎదురు వెలుగులో కనబడని గీత పక్క వెలుగులో నీడ వేసుకుని లేస్తుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం గుర్తుందా? రేకు గట్టిగా అతుక్కుని ఉంటే అదీ చేయొచ్చు. చెక్కలో పొదిగిన ఇత్తడి అంచులు పైకి లేచి ఉంటే మాత్రం వద్దు, ఊడి వస్తాయి.

ఫోన్ ముందు కెమెరాతో తీయకండి. నవ్వకండి, నేను చేసిన తప్పు అదే. వంగి చూడ్డం కష్టమై పెట్టెను ఒడిలో పెట్టుకుని ముందు కెమెరాతో తీశాను. అది బొమ్మను అద్దంలోలా తిప్పి దాచుకుంది. డాళ్ళ శాస్త్రంలో కుడి ఎడమైతే పొరపాటే. ఇంకో వంశమైపోతుంది.

పెట్టె వయసు తేల్చండి

డాలు చదవకముందే కాలానికి హద్దులు గీసుకుంటే తర్వాత సగం శ్రమ తగ్గుతుంది. మూత లోపలి అంచు మీద, తాళం పలక మీద దుకాణం పేరు చెక్కి ఉందేమో చూడండి. ఓకోక్, తహాఁ లాంటి పారిస్ దుకాణాల పేర్లు అక్కడే ఉంటాయి.

పేరు లేకపోయినా లోపలి సీసాల వెండి మూతలు చెబుతాయి. కంసాలి వాడే పదింతల భూతద్దం కొనుక్కోండి, పెద్ద ఖరీదేమీ కాదు. హెల్మెట్ పెట్టుకున్న స్త్రీ తల, అంటే మినర్వా దేవత కనబడితే వస్తువు 1838 తర్వాతిది. గడ్డం ముసలాయన తల ఉంటే 1819కీ 1838కీ మధ్యది. కోడిపుంజు ఉంటే 1798–1819. మరీ చిన్న వస్తువుల మీద మినర్వాకు బదులు అడవిపంది తల గానీ పీత గానీ ఉంటుంది: పంది పారిస్‌ది, పీత బయటి ఊళ్ళది. ఈ జంట కూడా 1838లో మొదలైనదే. వీటి పక్కన పనివాడి సొంత ముద్ర పేకముక్కల్లోని డైమండ్ ఆకారంలో ఉంటే అది అసలు వెండి. చతురస్రంలో ఉంటే పూత.

అన్ని మూతల మీదా ఒకే ముద్ర, ఒకే డాలు ఉన్నాయా? రెండు సీసాల మీద వేరే డాలుంటే అవి ఇంకో పెట్టె నుంచి వచ్చి చేరినవి. పాత సామాన్ల వ్యాపారులు ఇలాంటి అతుకుల వస్తువును 'పెళ్ళయిన' వస్తువు అంటారు. ముందు ముందు మనం వెతకబోయే పెళ్ళి అది కాదు.

డాలు తర్వాత చెక్కించిందేమో కూడా ఇక్కడే చూసుకోవాలి. రేకు మీది పాత గాట్లు డాలు గీతల్ని కోస్తూ పోతే డాలు పాతది. డాలు గీతలే పాత గాట్ల మీదుగా వెళితే తర్వాతెవరో చెక్కించారన్నమాట. ఖాళీ రేకున్న పెట్టె కన్నా కిరీటమున్న పెట్టెకు ఎక్కువ పలుకుతుందన్న సంగతి వ్యాపారులందరికీ తెలుసు.

రేకు మధ్యలో గీకేసి ఉంటే దిగులు పడకండి. 1790 జూన్ 19న ఫ్రెంచి జాతీయ సభ వంశపారంపర్య బిరుదుల్నీ డాళ్ళనీ రద్దు చేసింది. ఆ తర్వాతి ఏళ్ళలో తలలు కాపాడుకోవడానికి చాలామంది తమ సామాన్ల మీది గుర్తుల్ని తామే చెరిపేసుకున్నారు. అంతకుముందటి పెట్టె మీద గీకుడు మచ్చ ఉంటే అది ఆ రోజుల సంతకమే కావచ్చు. పక్క వెలుగు దాని మీద కూడా వేసి చూడండి, అడుగు గీతలు ఒక్కోసారి లేస్తాయి.

డాలా, పొడి అక్షరాలా?

కిరీటం కింద రెండు అక్షరాలు మెలిపెట్టి ఉంటే అది డాలు కాదు. అమ్మకం కాగితాల్లో దాన్ని 'షిఫ్రే' అంటారు, డాలున్నదాన్ని 'ఆర్మోరియే' అంటారు. వేలంపాటల జాబితా చదివేటప్పుడు ఈ రెండు మాటలూ పట్టుకోండి. పొడి అక్షరాలతో ఇల్లు కనుక్కోవడం, పెట్టె చరిత్ర ముందే తెలిస్తే తప్ప, గడ్డివాములో సూది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మీద ఉన్నవీ రెండు అక్షరాలే. అక్కడ ఊరంతటికీ మనిషి తెలుసు కాబట్టి సరిపోయింది. మీ పెట్టెకు ఆ అదృష్టం ఉండదు.

డాలు చదవడం

మనకు లాంఛనాలు కొత్త కాదు. వేంగీ చాళుక్యుల రాగిశాసనాల ముద్రల మీద వరాహం ఉంటుంది. అయితే మన లాంఛనం రాజుది. ఫ్రాన్స్‌లో డాలు ఎవరైనా పెట్టుకోవచ్చు: వర్తకుడు, నోటరీ, రొట్టెలు కాల్చేవాళ్ళ సంఘం. పద్నాలుగో లూయీ యుద్ధాలకు డబ్బు చాలక, నవంబరు 1696లో డాళ్ళన్నీ రుసుము కట్టి నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వేశాడు. మామూలు మనిషికి 20 లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచి నాణెం లెక్క). అలా లక్షకు పైగా డాళ్ళు దస్త్రాలకెక్కాయి, వాటిలో చాలా భాగం ప్రభువులవి కావు. కట్టకుండా తప్పించుకోజూసినవాళ్ళకు గుమాస్తాలే ఏదో బొమ్మ అంటగట్టి పన్ను వసూలు చేశారు. కాబట్టి డాలు కనబడగానే ప్రభువుల ఇల్లు అనుకోవద్దు. అది మొదటి పాఠం, దుకాణదారుడు చెప్పని పాఠం.

ఇక కుడి ఎడమలు. డాలును పట్టుకుని నిలబడ్డవాడి వైపు నుంచి లెక్క. అంటే మనకు ఎడమవైపు కనబడేది డాలు కుడి. గుర్తుండకపోతే అర్ధనారీశ్వరుణ్ణి తలుచుకోండి: శివుడిది కుడి భాగం, కానీ ఎదురుగా నిలబడి దండం పెట్టే మనకు ఎడమ పక్క కనబడతాడు. ఈ పోలిక మళ్ళీ అవసరమవుతుంది, వదలకండి.

తర్వాత రంగులు. ఇత్తడి మీద రంగులెలా ఉంటాయంటారా? గీతల్లో ఉంటాయి. పెత్రా సాంక్తా అనే జెస్యూట్ పాదిరి 1638లో రోములో అచ్చు వేయించిన పుస్తకంతో వ్యాపించిన సంకేతం ఇది, ఇప్పటికీ అదే వాడుక. నిలువు గీతలు ఎరుపు. అడ్డగీతలు నీలం. మనకు ఎడమ పైనుంచి కుడి కిందికి జారే గీతలు ఆకుపచ్చ, అటునుంచి ఇటు జారితే ఊదా. నిలువు, అడ్డం కలిసి వలలా ఉంటే నలుపు. చుక్కలు బంగారం. ఏమీ లేకుండా నున్నగా ఉంటే వెండి. ఫ్రెంచిలో ఎరుపును 'గ్యోల్' అనీ, నీలాన్ని 'అజ్యూర్' అనీ, ఆకుపచ్చను 'సినోప్ల్' అనీ, నలుపును 'సాబ్ల్' అనీ అంటారు. బజారులో వాడే రంగుల పేర్లు ఇక్కడ పనికిరావు, వెతికేటప్పుడు ఈ పేర్లే టైపు చేయాలి.

చదివింది సరిగ్గా ఉందా అని చూసుకోవడానికి ఒక నియమం ఉంది: లోహం మీద లోహం పడకూడదు, రంగు మీద రంగు పడకూడదు. బంగారం, వెండి లోహాలు; మిగతావి రంగులు. మీ చదువు ప్రకారం నీలం మీద ఎర్ర సింహం వచ్చిందంటే గీతలు మళ్ళీ చూడండి, నూటికి తొంభైసార్లు మీదే పొరపాటు. మినహాయింపులు లేకపోలేదు కానీ వాటితో మొదలుపెట్టవద్దు.

ఇప్పుడు చూసింది మాటల్లో రాయాలి. ముందు నేల రంగు, తర్వాత దాని మీది బొమ్మ, తర్వాత బొమ్మ రంగు. పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పొంపదూర్‌ను 1745లో మార్కీజ్ (మార్కీకి స్త్రీలింగం) చేశారు. ఆమె డాలును ఇలా రాస్తారు: "నీలం మీద మూడు బురుజులు, వెండివి." అంతే. ఇంకోటి: "ఎరుపు మీద తొమ్మిది బోలు డైమండ్లు, బంగారువి." ఇది రోహాఁ వంశం. లా రోష్‌ఫూకో వాళ్ళది కాస్త కష్టం: వెండి, నీలం సన్నటి అడ్డచారల మీద మూడు ఎర్ర కప్పుకోణాలు (ఇంటికప్పులా మధ్యలో కొసదేలిన పట్టీలు), పైదాని కొస నరికేసి ఉంటుంది. ఆ నరికిన కొసే వాళ్ళ ఆనవాలు. బొమ్మ గీసినవాడు మరిచిపోతే వంశం పోయినట్టే.

బొమ్మల్లో మాటల ఆట ఉందేమో చూడటం మరిచిపోకండి. నాకు ఈ శాస్త్రంలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ఇంటిపేరు కోడూరి అయితే డాలు మీద కోడిపుంజు వేసుకోవడం లాంటిది. పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ డాలు మీద పాము, ఎందుకంటే లాటిన్‌లో పాము 'కోలుబెర్'. ఆర్థికమంత్రి ఫూకే డాలు మీద ఉడుత, ఎందుకంటే పడమటి ఫ్రాన్స్ యాసలో ఉడుతను 'ఫూకే' అనేవారు. 1661లో ఫూకేను జైలుకు పంపించడంలో కోల్బేర్‌దే పెద్ద చెయ్యి. పాము ఉడుతను మింగిందన్నమాట. నాటకకర్త రసీన్ ఇంటి డాలు మీద ఎలుకా హంసా ఉండేవి: ఎలుక 'రా', హంస 'సీఞ్'. ఎలుక నచ్చక ఆయన హంసను మాత్రం ఉంచుకున్నాడు.

డాలు పైభాగాన పళ్ళచక్రం ముక్కలాంటి మూడు కాళ్ళ పట్టీ గానీ, చుట్టూ అంచు గానీ ఉంటే అది చిన్న శాఖ గుర్తు. పెద్ద కొడుకు ఇంటికి డాలు యథాతథంగా వెళుతుంది, తమ్ముళ్ళు ఏదో ఒకటి కలుపుకోవాలి. మూడు లిల్లీ పూలు కనబడగానే 'రాజుగారి పెట్టె' అని గంతులు వేయకండి. ఆ పూల పైన వెండి పట్టీ ఉంటే అది ఓర్లెయాఁ శాఖ, రాజుగారి తమ్ముడి సంతతి.

కిరీటం చివర్లో

అందరూ ముందు చూసేది దాన్నే, అందుకే చివర చూడమంటున్నాను. పట్టిక తేలికే. ఆకులు మాత్రమే ఉంటే, ఐదు కనబడుతుంటే, డ్యూక్. ఆకుల మధ్య మూడేసి ముత్యాల గుత్తులుంటే మార్కీ. తొమ్మిది ముత్యాలు వరసగా ఉంటే కౌంట్. మూడు పెద్ద ముత్యాలుంటే వైకౌంట్. వలయానికి ముత్యాల దండ చుట్టి ఉంటే బారన్. చిక్కు ఏమిటంటే, డ్యూక్ కిరీటం తప్పిస్తే మిగతావి ఫ్రాన్స్‌లో ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకున్నారు. బిరుదు లేని ఇళ్ళు కౌంట్ కిరీటం, మార్కీ కిరీటం వేయించుకోవడం మర్యాదగానే సాగిపోయింది. మన పెళ్ళికార్డుల మీద పేరు వెనక చేరే బిరుదుల్లాగే.

కిరీటం స్థానంలో ఈకలు గుచ్చిన టోపీ ఉంటే మాత్రం నమ్మండి. అది 1808లో మొదటి నెపోలియన్ పెట్టిన పద్ధతి: బారన్‌కు మూడు ఈకలు, కౌంట్‌కు ఐదు, డ్యూక్‌కు ఏడు. ఆ సామ్రాజ్యం 1814కల్లా కూలింది కాబట్టి కాలం ఇట్టే తేలిపోతుంది. డాలు చుట్టూ గొలుసుకు పావురం ఉన్న శిలువ వేలాడుతుంటే ఇంకా మంచిది. అది మూడో హెన్రీ రాజు 1578లో పెట్టిన పవిత్రాత్మ సంఘం అనే వీరుల గౌరవ సంఘం, సభ్యులు వందకు మించకూడదని నియమం, అందరి పేర్లూ జాబితాల్లో ఉన్నాయి.

రెండు డాళ్ళుంటే పండగే

ఒక్క డాలు మనిషిని చెప్పదు, ఇంటిని చెబుతుంది. ఇంటిపేరు ఒక్కటే చెప్పి మా ఊళ్ళో ఎవరినైనా వెతకమంటే వీధి వీధంతా బయటికొస్తుంది. "ఫలానావారి ఆడపడుచు, ఫలానావారి కోడలు" అంటే ఒక్క గుమ్మమే తెరుచుకుంటుంది. పెట్టె మూత మీద రెండు డాళ్ళు పక్కపక్కన ఉన్నాయంటే అది ఆ రెండో రకం చిరునామా. అర్ధనారీశ్వరుడి లెక్కే ఇక్కడా: డాలు కుడిన, అంటే మన ఎడమచేతి వైపు భర్త ఇల్లు, మన కుడిచేతి వైపు భార్య పుట్టిల్లు.

ఇలాంటి పెట్టెలు చాలావరకు పెళ్ళివే. 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పెళ్ళికొడుకు వైపు నుంచి పెళ్ళికూతురికి నగలు, లేసులు, విసనకర్రలు, శాలువలు ఒకచోట పెట్టి పంపేవాళ్ళు, దాన్ని 'పెళ్ళి బుట్ట' అనేవాళ్ళు. మన సారె పుట్టింటి నుంచి వెళుతుంది, ఇది అత్తింటి నుంచి వస్తుంది. పుట్టింటివాళ్ళు పెట్టే బట్టల మీద పిల్ల పొడి అక్షరాలుంటాయి. రెండిళ్ళ డాళ్ళూ కలిసేది పెట్టె మీదా, వెండి మీదా.

డాలు నిలువునా రెండుగా చీలి రెండు బొమ్మలుంటే అదీ జంటే కావచ్చు. పెళ్ళికాని స్త్రీ డాలు డైమండ్ ఆకారంలో ఉంటుంది. డాలు చుట్టూ ముడులు వేసిన తాడు ఉంటే అది వితంతువుది. ఈ తాడు మంచి ఆధారం: వంశావళిలో భర్త చనిపోయిన ఏడు దొరికితే పెట్టె దాని తర్వాతిదని రాసుకోవచ్చు.

పేరు వెతకడం

బొమ్మ నుంచి పేరుకు వెళ్ళడం ఒక దారి, పేరు నుంచి బొమ్మకు ఇంకో దారి. ఈ రెంటినీ కలపకండి. రీట్‌స్టాప్ అనే డచ్చి ఆయన సంకలనం (రెండో కూర్పు 1884–1887) లక్షకు పైగా డాళ్ళను ఇంటిపేర్ల అకారాదిలో ఇస్తుంది. పేరు తెలియని మీకు మొదట అది దండగ. రెనెస్ అనే ఆయన అదే సమాచారాన్ని తిరగేసి బొమ్మల వారీగా ఏడు సంపుటాల్లో పేర్చాడు: సింహాలన్నీ ఒకచోట, బురుజులన్నీ ఒకచోట. ముందు రెనెస్, తర్వాత సరిచూసుకోవడానికి రీట్‌స్టాప్. పాతవి కాబట్టి రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1696 నాటి దస్త్రాలు ఫ్రెంచి జాతీయ గ్రంథాలయంవారి గాలికా సైట్‌లో రంగు బొమ్మలతో సహా ఉన్నాయి. ఫ్రెంచి రాకపోయినా నలభై మాటలు నేర్చుకుంటే సరిపోతుంది. యాక్సెంట్లు (ఫ్రెంచి అక్షరాల మీది చిన్న గుర్తులు) వదిలేయకుండా టైపు చేయండి.

నా పెట్టె సంగతి చెబుతాను, దారి ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. ఎడమ డాలు: నీలం మీద బంగారు కప్పుకోణం, చుట్టూ మూడు వెండి నక్షత్రాలు. రెండు సాయంత్రాల్లో చదివేశాను, గర్వపడ్డాను. తీరా వెతికితే ఫ్రాన్స్‌లో ఇంతకంటే మామూలు డాలు లేదు. నీలం మీద కప్పుకోణం, మూడు ఏవో చిన్న బొమ్మలు: కొత్తగా డబ్బు చేసిన ప్రతి నోటరీ, ప్రతి న్యాయాధికారీ అలాంటిదే వేయించుకున్నాడు. నా జాబితాలో పేర్లు పేజీ దాటాయి.

కుడి డాలు: ఎరుపు మీద ఏటవాలు వెండి పట్టీ, పట్టీ మీద మూడు ఆల్చిప్పలు. పట్టీ మనకు కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతోంది. అలా జారే పట్టీలు అరుదు, మామూలు పట్టీ ఎడమ పైనుంచి కుడి కిందికి వస్తుంది. అరుదైనది దొరికిందని సంబరపడి ఏడు నెలలు వెతికాను. ఒక్క ఇల్లూ తగల్లేదు. ఒకరోజు పెట్టెను కిటికీ దగ్గర పెట్టి మామూలుగా కళ్ళతో చూశాను. పట్టీ ఎడమ పైనుంచే వస్తోంది! ముందు కెమెరా చేసిన పని. ఎడమ డాలు అటూ ఇటూ ఒకేలా ఉండే బొమ్మ కాబట్టి అనుమానం రాలేదు. పైగా ఫొటో తిరగబడటంతో డాళ్ళ స్థానాలు కూడా మారాయి, భార్య డాలును భర్తదనుకున్నాను. నక్షత్రాలవాళ్ళే పుట్టింటివాళ్ళు. పెట్టెతో పాటు ఉత్తరాలకు వేసే ముద్ర ఉంటే కూడా ఇదే జాగ్రత్త: ముద్ర మీద బొమ్మ తిరగేసి ఉంటుంది, మైనం మీద నొక్కి ఆ అచ్చును చదవండి.

పట్టీ సరిదిద్దాక ఆల్చిప్పల ఇళ్ళు మూడే మిగిలాయి.

పెళ్ళి దస్త్రం దగ్గరికి

ఇప్పుడు మీ చేతిలో భర్త వైపు రెండు మూడు పేర్లు, భార్య వైపు ఒక జాబితా ఉంటాయి. జెనెయానెట్ లాంటి వంశావళి సైట్‌లో భర్త ఇంటిపేరు, భార్య ఇంటిపేరు రెండూ కలిపి వెతకండి. పెళ్ళి ఏడు దగ్గర మీ వెండి ముద్ర చెప్పిన హద్దులు పెట్టండి. నాకు మినర్వా ఉంది కాబట్టి 1838 నుంచి. మూడు పేర్లను పేజీడు పేర్లతో జోడిస్తూ పోతే ఒక్క జంటే నిలిచింది.

అక్కడితో ఆగకండి. సైట్‌లో చెట్లు ఎవరెవరో పెంచినవి, ఒకరి తప్పు ఇంకొకరు ఎక్కించుకుంటారు. అసలు దస్త్రం చూడండి. ఫ్రాన్స్‌లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు 1792 సెప్టెంబరు నుంచి పురపాలక దస్త్రాల్లో ఉన్నాయి, అంతకుముందటివి చర్చి పుస్తకాల్లో. జిల్లా ఆర్కైవ్స్ వాటిని స్కాన్ చేసి పెట్టాయి. పెళ్ళి నమోదుకు 75 ఏళ్ళు దాటితే ఎవరైనా చూడొచ్చు. పారిస్‌లో 1860కి ముందు జరిగిన పెళ్ళయితే ఓపిక పట్టాలి: 1871 మేలో కమ్యూన్ అనే పారిస్ తిరుగుబాటు రోజుల్లో నగర భవనం తగలబడి ఆ పుస్తకాలు కాలిపోయాయి. తర్వాత కొంత భాగమే తిరిగి రాయగలిగారు.

నా జంటది పారిస్ కాదు కాబట్టి బతికిపోయాను. వరుడి తాత నోటరీ, తండ్రి నోటరీ, వరుడూ నోటరీయే. మార్కీ కిరీటం ఎక్కడినుంచి వచ్చిందంటే చెక్కినవాడి నమూనా పుస్తకం నుంచి వచ్చి ఉంటుందని నా ఊహ. పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళ మునిమనవల మునిమనవలు ఇంకా ఆ జిల్లాలోనే ఉన్నారు. నమోదు చివర అందరి సంతకాలూ ఉన్నాయి. వరుడిది వృత్తికి తగ్గట్టు గీతల మీద గీతలతో పెద్ద సంతకం. వధువుది చిన్నది, కిందికి జారిపోయింది, పుట్టింటి పేరే రాసింది.

తేలింది ఒక కాగితం మీద పెట్టండి: డాళ్ళ వర్ణన మాటల్లో, ఏ ముద్ర ఎక్కడ ఉంది, ఏ పుస్తకంలో ఏ పేజీ, పెళ్ళి దస్త్రం సంఖ్య, మీరు చూసిన తారీఖు. ఆధారం ఉన్న సంగతినీ మీ ఊహనూ వేరువేరుగా రాయండి. 'ఫలానా ఇంటి డాలు ఉన్న పెట్టె' అనడానికీ 'ఫలానా ఆవిడ పెట్టె' అనడానికీ తేడా ఉంది. రెండోది రాయాలంటే రెండు డాళ్ళూ, వెండి ముద్రా, పెళ్ళి తారీఖూ మూడూ కలవాలి. సిరా కాకుండా పెన్సిల్ వాడండి, మఖమల్‌కు అంటదు. అతికించకండి, పైఅర ఎత్తితే కనబడేలా కింద పరచండి. నా పెట్టెలో రెండు కాగితాలున్నాయి: ఫ్రెంచిది ఒకటి, తెలుగుది ఒకటి.